తలకట్టు సాగితే

జూన్ 4

బావమరిదికి,

ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. నువ్వూ బాగానే ఉండి ఉంటావు, లేకపోతే అడగని వస్తువులు కొని పంపే ఓపిక ఎక్కడిది?

నీ పార్సిల్ నిన్న అందింది. తెచ్చినవాడు తన ఫోను నా ముందుకు చాపి, అద్దం మీద వేలితో సంతకం పెట్టమన్నాడు. ఊళ్ళో సగం బోర్డులు రాసిన వేలితో కోడి కెలికినట్టు ఒక గీత గీశాను. దాన్నే సంతకమని ఒప్పుకుని వెళ్ళిపోయాడు. ఈ వ్యవహారం మీద నాకు అప్పుడే నమ్మకం పోయింది.

డబ్బా మీద టాబ్లెట్ అని ఉంటే మీ అక్క మందుబిళ్ళలనుకుంది. "ఇంత డబ్బానిండా మందులేమిటండీ, తమ్ముడు ఎవరికి పంపినట్టు?" అని నా మొహంలోకి చూసింది. నాకు ఏ రోగమూ లేదు. ఆ ముక్క ఆవిడకి చెప్పాను, నీకూ రాస్తున్నాను.

విప్పితే లోపల పలక. నల్లగా, పల్చగా, చట్రం లేకుండా ఉంది. దాంతో వచ్చిన పరివారాన్ని చూస్తే పెళ్ళికొడుకు కంటే తోడుపెళ్ళికొడుకులే ఎక్కువున్నట్టుంది. పెన్ను ఒకటి, పలక అంచుకి దానంతట అదే అతుక్కుంటుంది. లాగితే వస్తుంది, వదిలితే మళ్ళీ వెళ్ళి అతుక్కుంటుంది. చిన్నప్పుడు నువ్వు మీ అక్క కొంగు పట్టుకున్నట్టే. దాంట్లో సిరా లేదు. సిరా లేకుండా ఏం రాస్తుందో, రాసింది ఎవరు చదువుతారో ఆ దేవుడికే తెలియాలి. చిన్న పొట్లంలో పెన్ను ముక్కులు విడిగా ఉన్నాయి. అంటే ఉన్న ముక్కు అరిగిపోతుందని అమ్మినవాడికి ముందే తెలుసన్నమాట. అద్దం మీద అంటించే పొర ఒకటి, అద్దం కాగితంలా అనిపించడానికట. కాగితంలా అనిపించాలంటే కాగితమే కొనుక్కోవచ్చు కదా. అట్ట తెరిస్తే గుడారంలా నిలబడుతుంది, లోపల టైపు మిషను మీటలున్నాయి. ఇక ఆ చేతి తొడుగు సంగతి నాకు బొత్తిగా అర్థం కాలేదు. చిటికెనవేలికీ ఉంగరం వేలికీ మాత్రమే ఉంది. మిగతా మూడు వేళ్ళూ ఏం పాపం చేశాయి? మీ అక్క దాన్ని తిరగేసి మరగేసి చూసి, "కుట్టేవాడికి మధ్యలో ఏదో కబురొచ్చి లేచిపోయాడేమో" అంది.

పలకకి ముందొక కన్ను, వెనకొక కన్ను. రెండింటి మీదా బోర్డు అంచులకి వేసే టేపు ముక్కలు అంటించాను.

ఇంతవరకూ సరే. నీ పార్సిల్ వచ్చిన రోజునే పక్కవీధి ఫ్లెక్సులవాడు కూడా వచ్చాడు. కూర్చోమనకుండానే కూర్చున్నాడు. "పెద్దాయనా, ఇంకా ఈ కుంచెలూ రంగులూ ఎందుకు, కొట్టు నాకు అమ్మెయ్యండి, పెద్ద మిషను పెట్టుకుంటాను" అన్నాడు. వాడి చేతిలో అచ్చం ఇలాంటి పలకే ఉంది. వాడు మాట్లాడుతున్నంతసేపూ నేను ఆ పలకనే చూశాను.

ఒరే, ఈ బోర్డుల కొట్టు పెట్టింది మీ నాన్న. పోయేముందు కన్నకొడుకువి నువ్వుండగా అల్లుడినైన నా పేర రాశారు. అప్పుడు నువ్వు పల్లెత్తు మాట అనలేదు. నాకు అన్న మాటలకంటే అనని మాటలంటేనే భయం. ఫోనులో అడిగితే నవ్వి దాటేస్తావు కాబట్టి కాగితం మీద అడుగుతున్నాను. ఈ పలక ఎందుకు పంపావు?

నీ బావ

తా.క. చార్జరు తీగ మరీ పొట్టి. శిక్ష వేసినట్టు గోడ పక్కనే కూర్చోవాల్సి వస్తోంది.


జూన్ 12

బావగారికి నమస్కారాలు.

ఊరికే పంపాను బావా. నిజంగా ఊరికే.

ఇక్కడ మా బల్లలన్నిటి మీదా ఇవే ఉన్నాయి. నా పని మీకు తెలుసు కదా, మందుల డబ్బాల మీదా బిస్కెట్ పొట్లాల మీదా అక్షరాలు పేర్చడం. ఈ పొద్దుటి నుంచి దగ్గుమందు సీసా మీద 'బాగా కలిపి వాడండి' అన్న మాటలను చీమల్లా చేసి ఇరికిస్తున్నాను. ఎంత చిన్నవి చేసినా మా మేనేజరు "ఇంకొంచెం" అంటాడు. చివరికి చదవడానికి వీల్లేకుండా పోతే అప్పుడు బాగుందంటాడు.

ఆ తొడుగు కుట్టడం మధ్యలో ఆపింది కాదు. రాసేటప్పుడు అరచేతి అంచు అద్దానికి తగిలితే పలక తికమకపడుతుంది, అది తగలకుండా ఆ రెండు వేళ్ళ వైపు కప్పుతారు. మీరు బోర్డు రాసేటప్పుడు చేతికింద కర్ర ఆన్చుకుంటారు చూశారా, ఇదీ అలాంటి ఏర్పాటే. పొర అంటించేముందు అద్దాన్ని మెత్తటి గుడ్డతో తుడవండి, లేకపోతే బుడగలొస్తాయి. కళ్ళకి టేపు వేసుకుంటే వేసుకోండి, దాంతో దానికేమీ నష్టం లేదు. చార్జరుకి పొడుగు తీగ పంపుతాను.

ఆ ఫ్లెక్సులాయన ఎవరో నాకు తెలీదు. ఒకేలాంటి పలకలున్నంత మాత్రాన చుట్టాలమైపోతే, నాకూ మా మేనేజరుకీ ఒకే రంగు గొడుగులున్నాయి.

తీరిక దొరికినప్పుడు ఒక పని చేసిపెట్టండి. అ నుంచి బండి ర దాకా మీ చేతి అక్షరాలు పలక మీద వరసగా, పెద్దగా రాసి పంపండి. గుణింతాలు కూడా. తలకట్లు మాత్రం మీరు ఎలా వేస్తారో అలాగే వెయ్యాలి, పలక కోసమని మార్చొద్దు. ఎందుకని అడగకండి, ఊరికే.

అక్కని అడిగానని చెప్పండి.

మీ బావమరిది


జూన్ 20

బావమరిదికి,

తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసమన్నాడట వెనకటికి నీలాంటివాడే. ఒక ఉత్తరంలో అన్నిసార్లు ఊరికే అన్నవాడు ఏదీ ఊరికే చెయ్యడు.

అ నుంచి బండి ర దాకా కావాలా? గుణింతాలతో సహా? నేను ఫ్లెక్సులవాడిని మాటల్లో పెట్టి కనుక్కున్నాను. ఒక మనిషి చేతి అక్షరాలన్నీ మిషనులోకి ఎక్కిస్తే ఇక ఆ మనిషితో పనే ఉండదట. మీట నొక్కితే చాలు, అదే చేత్తో మిషను ఎన్ని బోర్డులైనా రాస్తుందట. వాడు ఎంత సంబరంగా చెప్పాడో. అప్పుడు నాకు వెలిగింది. మామగారు నాకు కొట్టిచ్చారు. నువ్వు నా చేతిరాత పట్టుకుపోతే ఇక కొట్టు ఉండీ నేనేం చేసుకోను, నా అంతట నేనే అమ్మేస్తాను. చాప కింద నీరులా బాగానే వచ్చావు.

అయినా ఊరుకోలేక, తొడుగు వేసుకుని పలక ముందు కూర్చున్నాను. పొర మీ అక్క అంటించింది. సరిగ్గా రాసేచోట గాలిబుడగ మిగిల్చింది. కుంచెతో రాస్తే రంగు బరువు వేళ్ళకు తెలుస్తుంది, బోర్డు కాస్త ఎదురుతిరుగుతుంది. దీని మీద ఎదురుతిరిగేది ఏదీ లేదు, అత్తలేని కాపురంలా ఉంది. తప్పు రాస్తే రెండు వేళ్ళతో తడితే చాలు, మాయమవుతుంది, టర్పెంటైన్ మరకైనా మిగలదు. మంచి సదుపాయమని ఒప్పుకుంటాను గానీ నాకు నచ్చలేదు.

తర్వాత ఒక నిలువుగీత గీశాను. తిన్నగా వచ్చింది. మళ్ళీ గీశాను, మళ్ళీ తిన్నగానే వచ్చింది. కావాలని నిర్లక్ష్యంగా గీసినా తిన్నగానే వచ్చింది.

ఒరే, నా గీత ఈమధ్య తిన్నగా రావడం లేదు. కుంచె బోర్డుకి ఆనేటప్పటికి చెయ్యి వణుకుతోంది. బడి గేటు మీది బోర్డు తుడిచి మళ్ళీ రాశాను, మందుల షాపు బోర్డూ అంతే. ఎవరూ లేనప్పుడే తుడిచాను. నాకూ కుంచెకీ తప్ప మూడోవాళ్ళకి తెలీదనుకున్నాను. మీ అక్క కనిపెట్టిందన్నమాట. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు కదా, నీకు చెప్పింది. నువ్వు చెయ్యి వణికేవాళ్ళ కోసం గీతలు దిద్దే పలకని వెతికిపట్టుకుని పంపావు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పట్టాను.

మీ అక్కతో మాటలు మానేశాను. ఎందుకని అడుగుతోంది. నిన్నే అడగమన్నాను.

నీ బావ


జూన్ 28

బావగారికి,

అక్క నాకు ఒక్క ముక్క చెప్పలేదు. అక్కకి తెలుసో లేదో కూడా నాకు తెలీదు. మీ చెయ్యి సంగతి నాకు చెప్పింది మీరే, మొన్నటి ఉత్తరంలో. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు చేశారు.

గీతలు దిద్దడం అన్ని పలకల్లోనూ ఉంటుంది. కొన్నప్పుడే అలా పెట్టి ఇస్తారు. మా ఆఫీసులో మీసాలు కూడా రాని కుర్రాళ్ళు దాంతోనే గీస్తారు. వాళ్ళకి చేతులు వణకవు, ఓపిక వణుకుతుంది. వద్దనుకుంటే అది ఆపేసే చోటు నేను చూపిస్తాను.

ముందు అక్కతో మాట్లాడండి. పాపం ఫోను చేసి, "ఏరా, ఆ మందుబిళ్ళల పలక వచ్చిన దగ్గర్నుంచి మీ బావ నన్ను చూసి మొహం తిప్పుకుంటున్నారు, దాంట్లో ఏముంది?" అని అడిగింది. మీ చెయ్యి సంగతి నేను చెప్పలేదు. అది మీరే చెప్పాలి. తర్వాత అక్కని వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఒక్కరూ వెళితే ఏమీ లేదన్నారని వచ్చి చెప్తారు, నాకు తెలుసు.

మీ ఉత్తరం చదివాక నాకు పని సాగలేదు. మీరు నిచ్చెన మీద శ రాస్తుంటే కింద నిచ్చెన పట్టుకున్నవాణ్ణి నేను. ఆ మెలిక తిరిగేదాకా ఊపిరి బిగబట్టేవాణ్ణి. ఆ చెయ్యి వణుకుతోందంటే నాకు చాలా బాధగా ఉంది.

ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోవద్దు. కొట్టు ఏం చేద్దామనుకుంటున్నారు? మీ జవాబు మీద ఇక్కడ నాదొక పని ఆగి ఉంది. అదేమిటో జవాబు వచ్చాక చెప్తాను. ఉత్తరం చేరేసరికి చాలా ఆలస్యమవుతోంది కాబట్టి ఈసారి పలక మీద రాయండి. పంపేముందే దాంట్లో నా ఫోటో పెట్టాను. దాన్ని తాకితే ఖాళీ కాగితం వస్తుంది. పెన్నుతో మామూలుగా రాయండి, అదే అచ్చక్షరాలుగా మారుస్తుంది. అయ్యాక బాణం గుర్తు నొక్కండి.

మీ బావమరిది


జులై 5
(పలక మీద నుంచి)

బావమరిదికి. ఇది పలక మీద రాస్తున్నాను. తొడుగు వేసుకున్నాను. మీ అక్కతో మాట్లాడాను. పక్కన కూర్చుని నువ్వుతోంది. నీ పని దేనిమీద ఆగిందో నాకు తెలుసు. అందుకే తేల్చి చెప్తున్నాను. కొట్టు అమ్మాను. ఫ్లెక్సులవాడికి మొహం మీదే చెప్పేశాను. నీకూ అదే మాట. ఇక దాని గురించి ఎత్తొద్దు. నీ బావ.


జులై 7

బావగారికి,

అమ్మేశారన్నమాట.

ఫోను చేద్దామనుకున్నాను. ఏదైనా అనరాని మాట అనేస్తానేమోనని మానేశాను. అక్క నువ్వుతోందని ఉంది, నవ్వుతోందని మీ ఉద్దేశం కాబోలు. మా నాన్న కొట్టు పోయిన రోజు అక్క ఎందుకు నవ్విందో నాకు అర్థం కాలేదు. కొట్టు మీది, అమ్ముకునే హక్కూ మీదే. దాన్ని నేను కాదనను.

ఇక దాచేదేమీ లేదు కాబట్టి చెప్తాను. ఊరికే పంపానన్నది అబద్ధం. నాన్న మీకు కొట్టు రాసినప్పుడు నేను మాట్లాడలేదని రాశారు. ఏం మాట్లాడను బావా? నా చేతిలో అక్షరం లేదు. అన్నేళ్ళు నిచ్చెన పట్టుకున్నానే గానీ, కుంచె పట్టుకుంటే నా క బోర్లాపడ్డట్టు ఉండేది. నాన్న చూసి నవ్వేవారు. మీరు నవ్వేవారు కాదు, ఏమీ అనకుండా తుడిచేసేవారు. కొట్టు మీకు రావడమే న్యాయం. నాకు కష్టమనిపించింది కొట్టు గురించి కాదు, ఆ పని నాకు రాలేదనే.

ఇక్కడ చీమ అక్షరాలు పేర్చీ పేర్చీ నా గీత కాస్త కుదుటపడింది. మీ అక్షరాలు తెప్పించుకుని వాటిమీద దిద్దుకుందామనుకున్నాను. చెయ్యి తిరిగాక వచ్చి, మీ పక్కన ఇంకో నిచ్చెన వేసుకోనిస్తారా అని అడుగుదామనుకున్నాను. ఉత్త చేతులతో వచ్చి అడిగితే, ముందు క రాసి చూపించమంటారని భయం. మీ చెయ్యి సంగతి తెలిశాక ఇక ఆగలేక, ఈ నెలాఖరుకి మానేస్తానని మేనేజరుకి చెప్పేశాను. నాదొక పని ఆగి ఉందన్నది అదే.

నిన్న మళ్ళీ వెళ్ళి, మానెయ్యను, ఉంటానని చెప్పాను. ఆయన సంతోషించాడు. దగ్గుమందు సీసాలు కొత్త సైజు వస్తున్నాయట, ఇంకా చిన్నవి.

అమ్మేముందు నాకు ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. మీ మీద కోపం లేదని రాద్దామనుకున్నాను, కానీ ఉంది.

పలక మీ దగ్గరే ఉంచుకోండి. అక్క సినిమాలు చూసుకుంటుంది.

బావమరిది


జులై 15

ఒరే,

అమ్మలేదు. ముందు ఈ ముక్క చదువు, మిగతాది తర్వాత చదవొచ్చు. కొట్టు అమ్మలేదు. అమ్మను. ఈ ఉత్తరం కాగితం మీద, నా పాత పెన్నుతో, పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. మీ అక్క వెనక నిలబడి ఒక్కో అక్షరం చూస్తోంది.

నీ ఉత్తరం మీ అక్కే పైకి చదివింది. మొదటి ముక్కకే ఆగి, "ఎప్పుడు అమ్మారండీ, నాక్కూడా చెప్పకుండా?" అని నన్ను దొంగను చూసినట్టు చూసింది. ఇన్నాళ్ళూ నేను మీ ఇద్దర్నీ చూసిన చూపు అదేనేమో, చాలా ఇబ్బందిగా ఉంటుంది. పలక తీసి చూస్తే నేను పంపింది అందులోనే ఉంది. 'కొట్టు అమ్మను' అని నేను రాసినచోట 'కొట్టు అమ్మాను' అని ఉంది.

మీ అక్క అదే మాట మళ్ళీ రాయించింది. మ మీద తలకట్టు వేశాను. పెన్ను ఎత్తేలోపల చెయ్యి కదిలి తోక కిందికి సాగింది. కాగితం మీదైతే ఎవరైనా చూసి, పాపం పెద్దాయన చెయ్యి వణికిందనుకుంటారు. పలక మహా మర్యాద గల మనిషి. పెద్దాయన దీర్ఘమే ఇవ్వదలుచుకున్నాడనుకుని, నా వణుకుని శుభ్రంగా దిద్ది, గుండ్రటి దీర్ఘం చేసి నీకు పంపింది. ఒక్క దీర్ఘంతో నా కొట్టు అమ్మేసింది. ఫ్లెక్సులవాడు ఇన్నిసార్లు తిరిగీ చెయ్యలేని పని అది.

వాడికి నేను మొహం మీద చెప్పింది అమ్మనని. వాడు ఇప్పుడు మా వీధిలోకి కూడా రావడం లేదు.

మీ అక్కకి నా చెయ్యి సంగతి ముందే తెలుసట. పొద్దున్నే నా కాఫీ గ్లాసు నిండా కాకుండా సగమే పోసి ఇస్తోంది చాలాకాలంగా. నాకు పిసినారితనంగా కనిపించింది. తెలిసీ నీకు చెప్పలేదు, నాకూ చెప్పలేదు. నువ్వుగింజ నానదన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. డాక్టరు చూశాడు. మందు రాశాడు. తగ్గుతుందని మాత్రం అనలేదు, పెరగకుండా చూద్దామన్నాడు. అది విన్నాక రెండు రోజులు కొట్టు తెరవలేదు. నాకు ఇంకో పని తెలీదురా. పని పోతుందనే భయంతోనే, ఎవడు గుమ్మంలోకి వచ్చినా దాన్ని పట్టుకుపోవడానికే వచ్చాడనుకున్నాను. నువ్వు వస్తే నిన్నూ అలాగే అనుకున్నాను.

నీ ఉత్తరం చదివి నాకు ఏడుపొచ్చింది. నువ్వు నా కొట్టు అడుగుతావని కాచుక్కూర్చున్నాను, నువ్వేమో నిచ్చెన వేసుకోవడానికి చోటు అడుగుతున్నావు. చోటు ఉంది. నిచ్చెన కూడా ఇంకోటి ఉంది, ఒక మెట్టు వదులు, బిగించుకోవాలి. మేనేజరుకి ఇప్పుడే వెళ్ళి మళ్ళీ చెప్పు. పూటకో మాట మార్చేవాడని అంటే అననీ. వస్తానని రాసి రాకుండా, అది కూడా పలక తప్పే అన్నావంటే మాత్రం నేను నమ్మను.

అక్షరాలు రాసి పంపమన్నావు. పంపను. ఈసారి అనుమానంతో కాదు. చూసి దిద్దుకుంటే వచ్చేవి కావవి. ఎక్కడ నొక్కాలో ఎక్కడ తేల్చాలో చేతికి చెయ్యే చెప్పాలి. మీ నాన్న నా పిడికిలి మీద తన పిడికిలి వేసి రాయించారు. నువ్వొస్తే మనిద్దరం ఒకే కుంచె పట్టుకుందాం. అక్షరం ఎటు తిరగాలో నా చెయ్యి నీకు చెప్తుంది. నీ చెయ్యి దాన్ని కదలకుండా పట్టుకోవాలి.

నీ బావ